శీలావతి పేగు

మొన్న ఏలూరులో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, దాని చివరనున్న దీపం వెలుగులో కడుపు లోపలంతా చూశారు. పరీక్ష అయ్యాక డాక్టరబ్బాయి నన్ను కూర్చోబెట్టి, తెర మీద బొమ్మ చూపిస్తూ, "ఇది మీ జీర్ణాశయమండీ. ఇక్కడ కాస్త ఒరుసుకుపోయింది. మంట ఎన్నాళ్ళ నుంచి ఉందండీ?" అని అడిగాడు.

"ఆరు నెలలైంది బాబూ" అన్నాను.

అబద్ధమేం కాదు. కానీ తెర మీద ఆ గులాబిరంగు మడతలు చూస్తుంటే నాకు ఇంకో కడుపుమంట గుర్తొచ్చింది. అది నాకంటే పదమూడేళ్ళు మాత్రమే చిన్నది. దానికి ఏ డాక్టరూ మందివ్వలేదు. నేనూ ఎవరికీ చెప్పుకోలేదు.

మా నాన్నగారు సైన్సు మాస్టారు. తాడేపల్లిగూడెం నుంచి బదిలీ అయి, కొల్లేటి ఒడ్డున ఒక ఊరి హైస్కూలుకి వచ్చాం. గూడెంలో మా వీధంతా మిల్లుల్లో ధాన్యం ఉడికే వాసన, తవుడు వాసన. ఇక్కడ నాచు వాసన, తడి తుంగ వాసన, గాలి మళ్ళితే ఎండుచేపల వాసన. మా మామ్మ వచ్చిన మొదటి వారమంతా పమిట కొంగున కర్పూరం బిళ్ళ ముడేసుకుని, అది ముక్కు దగ్గర పెట్టుకునే వంట చేసింది. మా అమ్మ మాత్రం, "అలవాటైపోతుందిలెండి అత్తయ్యగారూ" అని తన పని తాను చేసుకునేది.

నాకు అన్నదమ్ముల్లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. నాన్నగారికి ఇంట్లో శిష్యురాలిని నేనే. ఆయన నోట్సు రాసుకుంటుంటే సుద్దముక్కలు వరసగా పేర్చేదాన్ని. ఆయన గీసిన బొమ్మలకి పేర్లు రాసేది నేనే, నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని. నాలుగో ఫారంలో నేను ఆయన క్లాసులోనే పడ్డాను. నలుగురం ఆడపిల్లలం పక్కబెంచీ మీద కూర్చునేవాళ్ళం. క్లాసులో 'మాస్టారూ' అనాలి, ఇంట్లో 'నాన్నగారూ' అనాలి. ఆ రెండు పిలుపులకీ హక్కున్నది నాకొక్కదానికే అని లోపల్లోపల ఎంత గర్వమో!

ఆ ఏడు చలికాలంలో జీర్ణవ్యవస్థ పాఠం మొదలైంది. స్కూల్లో మనిషి శరీరం పటం ఒకటుండేది కానీ, దాని పొట్ట భాగాన్ని చెదలు తినేశాయి. "బొమ్మ లేకపోతేనేం, మనందరి దగ్గరా అసలుదే ఉంది కదర్రా" అన్నారు నాన్నగారు. మర్నాడు ఇంట్లోంచి ఒక డబ్బా నిండా అటుకులు పట్టుకొచ్చి తలా గుప్పెడు పెట్టారు.

"మింగకండి. నమలండి. నేను వంద లెక్కపెట్టేదాకా నమలండి."

క్లాసంతా ఆవుల మందలా నమిలింది. డెబ్భై దగ్గర ఎవరో నవ్వితే ఇద్దరికి పొలమారింది. వంద అయ్యాక, "ఎలా ఉందర్రా?" అన్నారు.

"తియ్యగా ఉందండీ!"

"బెల్లం నేను కలపలేదు. మీ లాలాజలం చేసింది. అరుగుదల పొట్టలో మొదలవదు, నోట్లో మొదలవుతుంది."

ఇంటికొచ్చి మామ్మకి చెబితే ఆవిడ మూతి తిప్పింది. "అదేం చదువే! చిన్నప్పుడు నీ పొట్ట నిమిరి 'జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం' అన్నదాన్ని నేను. అటుకులు దండగ చేసి మీ నాన్న చెప్పేదేముంది కొత్తగా?" అంటూనే డబ్బాలో మిగిలిన అటుకులు నోట్లో వేసుకుని, మెల్లిగా, ధ్యాసంతా నాలుక మీదే పెట్టి నమిలింది. తియ్యగా ఉందో లేదో మాత్రం చెప్పలేదు.

చిన్న పేగు ఇరవై అడుగులుంటుందని పుస్తకంలో ఉంది. ఇరవై అడుగులంటే పిల్లలకి ఎలా తెలుస్తుందని నాన్నగారు ఆలోచనలో పడ్డారు. నేను కుడతానన్నాను. అమ్మ పాత ఎర్ర నేతచీర చింపి, పీలికలు జతచేసి, గొట్టంలా కుట్టాను. బూరుగు దూది కూరి జీర్ణాశయం చేశాను. అమ్మ చిరిగిన ముదురురంగు రవిక కాలేయమైంది. పది రోజులు పట్టింది. సూదిపోట్లకి వేళ్ళు చిల్లులు పడ్డాయి. నాన్నగారు దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, పేగు ఒక కొస ఒక కుర్రాడి చేతికిచ్చి పరుగెత్తమన్నారు. వాడు గుమ్మం దాటి, వరండా దాటి, హెడ్మాస్టరుగారి గది ముందు ఆగాడు. క్లాసంతా చప్పట్లు. నా మొహం వెలిగిపోయింది.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

అతను లంక గ్రామం నుంచి తాటిదోనె వేసుకుని బడికొచ్చేవాడు. మోకాళ్ళ దాకా ఎండిన బురద గీత ఉండేది. చేపలు పట్టేవాళ్ళబ్బాయి. అంతవరకు క్లాసులో అతని గొంతు నేను విని ఎరగను.

"మాస్టారండీ, పేగు అలా వదులుగా ఉండదండీ. పల్చటి పొర ఒకటి పట్టుకునుంటదండీ, విసనకర్ర మడతల్లాగ. లేకపోతే చిక్కులు పడిపోదండీ?"

నాన్నగారు అతని వంకే చూస్తుండిపోయారు. "నీకెలా తెలుసురా?"

"చేపలు కోస్తాను కదండీ. ఇంకోటండీ, అన్ని చేపలకీ పేగు ఒకేలాగుండదండీ. శీలావతి పేగు చాలా పొడుగండీ, చుట్టలు చుట్టుకునుంటది. కొర్రమేను పేగు బెత్తెడేనండీ."

"ఎందుకలాగ?"

"శీలావతి నాచు, గడ్డీగాదం తింటదండీ. అది అరగాలంటే చాలాసేపు తిరగాలి కదండీ. కొర్రమేను చేపల్నే మింగుద్ది. దానికి అంత తిరుగుడక్కర్లేదండీ."

నాన్నగారు సుద్దముక్క బల్ల మీద పడేశారు. "ఇది మన పుస్తకంలో లేదర్రా! ఆవుకీ పులికీ ఉన్న తేడా ఇదే! నువ్వు కళ్ళారా చూసి తెలుసుకున్నావురా!" అని వెనకబెంచీ దాకా నడిచివెళ్ళి అతని భుజం తట్టారు.

ఎర్ర నేతచీర పేగు ఇంకా వరండాలోనే పడుంది. దాన్ని చుట్టుకుని తెచ్చుకున్నది నేనే.

ఆ తరవాత ఇల్లు ఇల్లులా లేదు. శాకాహారం తప్ప ఎరగని మా నాన్నగారు, బడి వెనక రాతిపలక దగ్గర గొంతుకూర్చుని, అతను చేప కోస్తుంటే చూస్తూ బొమ్మలు గీసుకునేవారు. ముక్కుకి తడి తువ్వాలు చుట్టుకునేవారు కానీ కళ్ళు మాత్రం చేప మీదే. "ఇది కాలేయం. మరి ఈ ఆకుపచ్చ తిత్తి?" అంటే, "దీన్ని మేం చేదు అంటామండీ. పగిలిందంటే కూరంతా చేదండీ" అనేవాడు అతను. "పిత్తాశయం! పిత్తాశయంరా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడేవారు నాన్నగారు. ఇంటికి రాగానే మామ్మ ఆయన్ని నూతి దగ్గరే ఆపి, రెండు బిందెలు దిమ్మరించుకున్నాకే గడప తొక్కనిచ్చేది.

శనివారం శనివారం అతను మా ఇంటికొచ్చేవాడు. పెరటి వసారాలో కూర్చుని ఇద్దరూ బొమ్మలు గీసేవాళ్ళు. పేర్లు రాయడానికి నన్ను పిలిచేవారు. పక్కన నిలబడి, వాళ్ళు చెప్పిన చోట చెప్పిన మాట రాయడమే నా పని.

అమ్మ అతనికి విస్తరి వేసి పెట్టేది. ఒక రోజు గిన్నె వంచి పెరుగు వేస్తుంటే పైనున్న మీగడ మొత్తం అతని విస్తట్లోకి జారింది. ఆ మీగడ రోజూ నాది. అమ్మ చూసి కూడా, "పోన్లే, పడవ వేసుకుని అంతదూరం వెళ్ళాలి కదా" అంది. మామ్మైనా నా వైపు ఉంటుందనుకున్నాను. అతను ఒకసారి తామరకాయల గింజలు వొలిచి, ఆకులో పెట్టి, గడప బయట నుంచునే, "మామ్మగారూ, ఇవి నీటివేనండీ, మైలేం కాదండీ" అన్నాడు. ఆ గింజలు తిని, అతనికి వాము ఉప్పు పొట్లం కట్టిచ్చింది ఆవిడ. "వినయం గల పిల్లాడే" అంది. నేను విసురుగా వెళ్ళిపోతుంటే, "నీకెందుకే అంత కుళ్ళు?" అంది వెనక నుంచి.

మరుసటి శనివారం అతని మజ్జిగలో గుప్పెడు ఉప్పు కలిపాను. చాటు నుంచి చూస్తూ నిలబడ్డాను. మొదటి గుక్కకి అతని కళ్ళు పెద్దవయ్యాయి. గ్లాసు దించకుండా అంతా తాగేశాడు. "ఎలా ఉంది బాబూ?" అంది అమ్మ. "బాగుందండీ" అన్నాడు.

మాఘమాసంలో ఏలూరులో సైన్సు ప్రదర్శన పెట్టారు. జిల్లాలోని మాస్టార్లంతా వస్తారు. పెద్ద ఇన్‌స్పెక్టరుగారి ముందు నాన్నగారు ఒక మాదిరి పాఠం చెప్పాలి, తోడుగా ఒక విద్యార్థిని తెచ్చుకోవచ్చు. జీర్ణవ్యవస్థే అన్నారు. నేను లోపల నా గళ్ళ పరికిణీ తీసి మడతలు సవరించుకున్నాను కూడా.

"వాడు చెబితే ఆ పాఠం నిలబడుతుంది" అన్నారు నాన్నగారు అమ్మతో. "అమ్మాయి కుట్టు బావుంది, కాదనను. కానీ అది గుడ్డే కదా."

గుడ్డే కదా. ఆ మాట నా చెవిలో అలా ఉండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం అతను ఒక శీలావతిని, ఒక కొర్రమేనుని కోసి, వాటి పేగుల్ని రెండు గాజుసీసాల్లో పెట్టాడు. నాన్నగారు లాబరేటరీ నుంచి తెచ్చిన స్పిరిట్టు పోసి మూతలు బిగించారు. చీటీలు నేనే రాశాను. 'శీలావతి పేగు', 'కొర్రమేను పేగు'. సీసాల్ని మా వసారా గూట్లో పెట్టారు. దీపాలు పెట్టే వేళ అమ్మ తులసి దగ్గర ఉండగా నేను ఆ రెండు సీసాలూ తీసుకుని, స్పిరిట్టంతా అరటిచెట్టు మొదట్లో పారబోసి, నూతినీళ్ళు నింపి, మూతలు మళ్ళీ బిగించి యథాస్థానంలో పెట్టేశాను. అది గొప్ప పథకమేం కాదు. పేగు పాడైతే నా గుడ్డే మిగులుతుంది. అంతకు మించి ఆలోచించలేదు.

శుక్రవారం సాయంత్రం అమ్మ నాన్నగారితో ఏమందో నాకు తెలియదు. ఆయన వచ్చి, "రేపు నువ్వూ రామ్మా. నీ బొమ్మ కూడా తీసుకుపోదాం" అన్నారు. గూట్లోని సీసాల వంక చూశాను. మూతలు గట్టిగానే ఉన్నాయి. నీళ్ళు మాత్రం కొంచెం మసకబారాయి.

తెల్లారకట్ల అతని తండ్రి పడవ తెచ్చాడు. గెడ వేసుకుంటూ కొల్లేరు మీదుగా ఏలూరు వైపు తీసుకెళ్ళాడు. మంచు విడుతుంటే నీళ్ళ మీద తామరాకులు, దూరంగా మంద మందగా గూడకొంగలు. వేరే రోజైతే ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. సీసాలు పగలకుండా జాగ్రత్తగా పట్టుకొమ్మని రెండిటినీ నా ఒళ్ళోనే పెట్టారు నాన్నగారు.

"మాస్టారండీ, ఈ యేడుతో వీణ్ణి బడి మానిపించేద్దామనుకుంటున్నానండీ" అన్నాడు అతని తండ్రి. "వలకి మనిషి కావాలి కదండీ."

"ఈ ఒక్కరోజు ఆగవయ్యా. పాఠం బాగా సాగిందంటే ఏలూరు హాస్టల్లో వీడికి చోటిమ్మని ఇన్‌స్పెక్టరుగారినే అడుగుతాను. వీడు వలకి తగ్గవాడు కాదు."

అతను పడవ అంచున కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. తెలిసుంటే ఆ పని చేసుండేదాన్ని కాదని అనాలనుంది. నిజం చెప్పాలంటే, "వీడు వలకి తగ్గవాడు కాదు" అన్నప్పుడు నాన్నగారి గొంతులో ఉన్న ముద్దు విన్నాక, ఆ స్పిరిట్టు మళ్ళీ పారబోసినా పారబోసేదాన్నేమో.

హాలు నిండా మాస్టార్లు. ముందువరసలో ఇన్‌స్పెక్టరుగారు. నాన్నగారు అటుకుల సంగతితో మొదలుపెట్టి చక్కగా నడిపించి, "ఇక ఈ అబ్బాయి చెబుతాడండీ" అని పక్కకి జరిగారు. అతను సీసా మూత తిప్పాడు.

ఆ వాసన! ముందువరస మొత్తం వెనక్కి వాలింది. ఇన్‌స్పెక్టరుగారు రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఎవరో, "ఏవండీ మాస్టారూ, ఇది పాఠమాండీ, పులుసాండీ?" అన్నారు. హాలంతా నవ్వు. ఇంకెవరో, "కుళ్ళిపోయిందండీ, బయట పారేయించండి" అన్నారు. ఆ మాట నన్నే అన్నట్టు తలొంచుకున్నాను.

నాన్నగారి మొహం పాలిపోయింది. అతను సీసాలో వేలు ముంచి వాసన చూశాడు. తరవాత తలెత్తి నేరుగా నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. చూపులో కోపం లేదు. లెక్క సరిపోయిందన్నట్టుంది.

మూతలు బిగించి సీసాల్ని కిటికీ బయట పెట్టొచ్చాడు.

"చేప పేగు పాడైపోయిందండీ" అన్నాడు సభతో, అంత చిన్న గొంతు అంతమందికి ఎలా వినబడిందో. "మాస్టారి అమ్మాయిగారు కుట్టిన పేగుందండీ. దాంతో చెప్తానండీ."

నా ఎర్ర గొట్టాన్ని తీసుకున్నాడు. ముందు దాన్ని విసనకర్ర మడతల్లా మడిచి, నడుమ తన పైగుడ్డ పెట్టి పొర ఎలా పట్టుకుంటుందో చూపించాడు. తరవాత చుట్టలు చుట్టి, "ఇదండీ శీలావతి" అన్నాడు. తరవాత జానెడు వదిలి మిగతాదంతా వెనక్కి మడిచేసి, "ఇదండీ కొర్రమేను" అన్నాడు. "ఏది తింటే దానికి తగ్గ పేగండీ. మనం రెండూ తింటాం కాబట్టి మనది మధ్యస్తంగా ఉంటదండీ." రుమాలు కిందికి దిగింది. ఇన్‌స్పెక్టరుగారు లేచొచ్చి గుడ్డపేగుని చేత్తో పట్టుకుని చూశారు. చప్పట్లు ఎంతసేపు మోగాయో!

గుడ్డ నాది, కుట్టు నాది, పది రోజుల సూదిపోట్లు నావి. గెలుపు మాత్రం అతనిది.

నాన్నగారు అతని తల మీద చెయ్యి వేసి, కళ్ళు తుడుచుకున్నారు. నాతో, "కుట్టు గట్టిదమ్మా, ఎక్కడా ఊడలేదు" అన్నారు.

హాస్టల్లో చోటు ఖాయమైంది. తిరుగు ప్రయాణంలో నాన్నగారు, అతని తండ్రి పడవ ముందువైపు ఆ మాటల్లోనే ఉన్నారు. వెనకవైపు మేమిద్దరం.

"నీళ్ళు పోసింది మీరే కదండీ?" అన్నాడు మెల్లిగా.

నేను నీళ్ళ వైపు తిరిగాను.

"మజ్జిగలో ఉప్పు కూడానా అండీ?"

"అవును. వెళ్ళి మా నాన్నగారితో చెప్పు."

అతను తల అడ్డంగా ఊపాడు. "ఎందుకండీ? ఆయన బాధపడతారు."

ఆ మాట దగ్గరే నేను ఓడిపోయాను. ఆయన నా తండ్రి. ఆయన బాధపడతారన్న ఆలోచన ముందు వచ్చింది అతనికి. క్షమించమని అడగాల్సింది. అడగలేదు. తామరాకు ఒకటి లాగి, ముక్కలు ముక్కలు చేస్తూ కూర్చున్నాను.

అతను హాస్టలుకి వెళ్ళిపోయాక కార్డులు రాసేవాడు. నాన్నగారు ఒక్కో కార్డూ రెండుసార్లు పైకి చదివేవారు. చివర్లో తప్పకుండా, 'అమ్మాయిగారిని అడిగానని చెప్పవలెను' అని ఉండేది. తరవాత చేపల శాఖలో ఏదో పెద్ద ఉద్యోగంలో చేరాడని తెలిసింది. నాన్నగారు పోయినప్పుడు కబురు అందుకుని ఎక్కడి నుంచో వచ్చాడు. జుట్టు నెరిసింది. వీధరుగు దగ్గర నిలబడి, ఎవరున్నారని కూడా చూడకుండా భోరున ఏడ్చాడు. నాకు కన్నీళ్ళు రాలేదు. ఏడుపులో కూడా నన్ను మించిపోయాడని అనుకున్నాను. ఆ ఆలోచనకి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నేనూ సైన్సు టీచర్నే అయ్యాను. ముప్ఫై ఏళ్ళు జీర్ణవ్యవస్థ పాఠం చెప్పాను. ప్రతి ఏడూ అటుకులు నమిలించాను, గుడ్డపేగు కుట్టి వరండా పొడుగునా పరిపించాను. పేగుల పొడుగు దగ్గరికి రాగానే శీలావతి సంగతీ కొర్రమేను సంగతీ చెప్పేదాన్ని. పిల్లలకి ఆ పాఠమంతటిలో అదే నచ్చేది. "ఇది పుస్తకంలో లేదండీ, ఎవరు చెప్పారండీ మీకు?" అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవారు.

"మా నాన్నగారు" అనేదాన్ని.

ముప్ఫై ఏళ్ళూ అదే జవాబు. ఒక్కసారి కూడా తడబడలేదు. ఇప్పుడు కొల్లేట్లో ఆ నీళ్ళూ లేవు, ఆ నాచూ లేదు. ఎటు చూసినా గట్లు కట్టిన చెరువులే. తాటిదోనెల్లో బడికొచ్చే పిల్లలు లేరు. ఆనాటి సంగతి తెలిసినవాళ్ళలో ఇద్దరమే మిగిలామేమో. అతనున్నాడో లేడో కూడా నాకు తెలియదు. తెలుసుకోవాలంటే పెద్ద కష్టం కాదు. ఎవరినడిగినా చెబుతారు.

ఇన్నాళ్ళకి ఇదంతా రాశాను, ఎవరిది ఏదో ఒప్పుకుని రాశాను. అయినా అతని పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. మరిచిపోయి మాత్రం కాదు.